241 కిలోల బండి, ఆటోనగర్‌లో చేయించిన లెగ్ గార్డు: ఏడాది వాడాక

ఇది బండి రివ్యూ కాదు, ముందే చెప్పేస్తున్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాసేది విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వెల్డింగ్ షాపులో ఆ బండికి చేయించుకున్న లెగ్ గార్డు గురించి, ఆ షాపు పెద్దాయన దాంతోపాటు నాకు నేర్పిన పని గురించి. ఆ పని, పడిన బండిని ఒక్కదాన్నే లేపి నిలబెట్టడం. కాస్త పొడుగు రాస్తాను. బరువైన బండి కొనాలని ఉండి, పడేస్తే ఎలా అని భయపడుతున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పూర్తిగా చదవండి.

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కిలోలు. బండి 241 కిలోలు, అంటే నాకు నాలుగు రెట్ల పైనే. అయినా ఎందుకు కొన్నానంటే సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లే, రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనతాయి. అంతకు ముందు మా ఆయన క్లాసిక్ 350 నడిపేదాన్ని, అది 195 కిలోలే కానీ సీటు 805, సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చేది. కాళ్లు బాగా ఆనితే బండి పడదు అనుకున్నాను. ఆ లెక్క సగమే నిజం. కాళ్లు ఆనితే బండి నిటారుగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు, ఒక హద్దు దాటి వాలిందంటే మాత్రం ఆనిన కాలు ఎవరిదైనా, ఎంత బలమైనదైనా 241 కిలోలని ఆపలేదు.

మొదటిసారి మోపిదేవిలో పడింది. గుడికి వెళ్లి తిరిగి వస్తూ కంకర మీద బండి తిప్పుతున్నాను, వేగం మనిషి నడకంత కూడా లేదు, హ్యాండిల్ కుడివైపు తిరిగి ఉంది, ఎదురుగా ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు, చెయ్యి దానంతటదే ముందు బ్రేకు నొక్కేసింది. నేరుగా వెళ్తున్నప్పుడు ముందు బ్రేకు మంచి స్నేహితుడు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, కాళ్ల కింద కంకర ఉన్నప్పుడు అదే బండిని పక్కకి పడేస్తుంది. కుడికాలు పెట్టాను, పెట్టిన చోట చిన్న పల్లం. ఒక క్షణం మొత్తం బరువు నా కుడి తొడ మీద నిలిచింది, తర్వాత మెల్లగా, గేదె పడుకున్నంత మెల్లగా నేల మీదికి వెళ్లిపోయింది.

నాకు దెబ్బ తగల్లేదు. చుట్టూ ఉన్న ఐదుగురు పరిగెత్తుకొచ్చారు, మంచి మనసుతోనే వచ్చారు, కానీ ఒకరు అద్దం పట్టుకుని లాగారు, ఒకరు ఇండికేటర్ పట్టుకున్నారు, ఇంకొకరు సైలెన్సర్ పట్టుకోబోయి చెయ్యి కాల్చుకున్నారు. బండి లేచేసరికి పడినప్పుడు పోని అద్దం లేపినప్పుడు పోయింది. అప్పటికి బండికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక లెగ్ గార్డు ఉంది. కంపెనీ పేరు రాయను. చూడ్డానికి మెరిసిపోయేది. నిలబడిన బండి అలా పక్కకి ఒరిగినందుకే దాని ప్లేటు మడతపడి, పైపు లోపలికి వచ్చి బ్రేకు పెడల్‌ని నొక్కేసింది. పెడల్ కదలదు. అవనిగడ్డలో మెకానిక్ దాన్ని విప్పి ఇచ్చాకే ఇంటికి రాగలిగాను.

ఆ రాత్రి మా ఇంట్లో బండి అమ్మేద్దామనే మాట వచ్చింది. నాకూ టెన్షన్ పట్టుకుంది. పడినందుకు కాదు, ఎవరూ లేనిచోట పడితే ఏం చేస్తాననేదే నా బాధ. డెలివరీ రోజు షోరూంలో కేకు కోయించారు, ఫొటోలు తీశారు, ఫోన్‌కి బ్లూటూత్ కలపడం గంటసేపు నేర్పారు, ఈ బండి పడితే ఎలా లేపాలో ఒక్కరు కూడా ఒక్క మాట చెప్పలేదు. ఇంత బరువున్న వస్తువు అమ్మేవాళ్లు అది చెప్పి తీరాలని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటున్నాను.

లారీలున్న మా చుట్టాలాయన ఈ షాపు చూపించాడు. బోర్డు లేదు. లారీ బంపర్లు, ట్రాలీల రిపేర్లు చేసే చోటు, లోపల ఒక డ్రిల్లింగ్ మిషను, రెండు వెల్డింగ్ సెట్లు, బయట వేపచెట్టు కింద పాత టైర్ల గుట్ట. పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. నేను ఫోన్‌లో రకరకాల గార్డుల ఫొటోలు దాచుకుని వెళ్లాను, ఆయన అవేమీ చూడలేదు.

"ఎట్టా పడిందమ్మా?" అని అడిగారు.

చెప్పాను. బండి చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ గీసుకుందో వేలితో తడిమి చూశారు. తర్వాత అన్న మాట విని నాకు గుండె ఆగినంత పనైంది. "దీన్ని పడుకోబెట్టి చూడాల. ట్యాంకులో పెట్రోలు తగ్గించుకుని రేప్పొద్దున రా."

మర్నాడు వెల్డింగ్ సెట్లన్నీ ఆపించి, షాపుకి దూరంగా చెట్టు కింద నేల మీద గోనె సంచులు, వాటి మీద పాత టైర్లు పరిచి, నలుగురు కుర్రాళ్లు పట్టుకుని నా బండిని మెల్లగా ఎడమవైపుకి దించారు. ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. ఒక్కో టైరూ తీయిస్తూ, బండి ఇంకాస్త వాలినప్పుడల్లా ముందు ఏది నేలని తాకబోతోందో చూసి దానికి గీత పెడుతున్నారు. ముందు ఫుట్ రెస్టు, తర్వాత హ్యాండిల్ చివర, క్లచ్ లివర్, ఆ తర్వాత ఇంజన్ పక్క మూత, సైలెన్సర్. కుడివైపు కూడా అంతే చేశారు. నేను కొన్న ఆన్‌లైన్ గార్డు తయారుచేసినవాళ్లు ఈ పని చేసి ఉంటే దాని పైపు పెడల్ ముందు పెట్టి ఉండేవాళ్లు కాదు. ఈ షాపు గురించి నేను ఇంతగా రాయడానికి కారణం ఆ సుద్దగీతలే.

ఇక గార్డు విషయం. పైపు బయటి కొలత 32 మిల్లీమీటర్లు, గోడ మందం 3. ఆన్‌లైన్ దాన్ని కోసి చూపించారు, సగం మందం కూడా లేదు. బిగించింది ఫ్రేమ్‌కి ఉన్న బోల్టు రంధ్రాల దగ్గరే, ఒక్కోవైపు రెండు చోట్ల, పైనా కిందా. ఇంజన్ మూతలకి దేన్నీ ఆనించలేదు. ఒక్కచోటే బిగిస్తే పడినప్పుడు గార్డు తిరిగిపోయి కాలి మీదికి వస్తుందట, నా పాత గార్డు పెడల్ మీదికి వచ్చిందీ అలాగే. బోల్టులు 8.8 గ్రేడువి, తల మీద ఆ అంకె ఉంటుంది, మీరు ఎక్కడ చేయించుకున్నా ఆ అంకె చూసుకోండి. వెల్డింగ్ మాత్రం బండి మీద ఒక్క చుక్క కూడా చేయలేదు. కొలత కోసం పైపుని తాళ్లతో కట్టి, గీతలు పెట్టుకుని, విప్పి దూరంగా తీసుకెళ్లి అతికించారు. ఇప్పటి బళ్లలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్), ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లాంటి కరెంటు సరంజామా ఉంటుంది, బండి మీదే వెల్డింగ్ కొడితే అది పోయే ప్రమాదం ఉంది. ఎవరైనా "రెండు నిమిషాల పని, బండి మీదే కొట్టేస్తాం" అంటే ఒప్పుకోకండి.

నాకు బాగా నచ్చినవి రెండు. గార్డు బాగా బయటికి వచ్చే చోట నల్లటి నైలాన్ ముక్క, గుండ్రంగా లేత్ పట్టించి, స్క్రూతో బిగించారు. పడితే ఆ ముక్క అరుగుతుంది, పైపు అరగదు, అరిగాక ముక్క మార్చుకోవచ్చు. రెండోది, వెనక ఫుట్ రెస్టు దగ్గర ఒక చిన్న లూపు. ముందు గార్డు ఒక్కటే ఉంటే బండి దాని మీద తిరిగి వెనక భాగం నేలకి కొట్టుకుంటుంది, ఈ బండికి రెండు పక్కలా సైలెన్సర్లే కాబట్టి ఎటు పడినా సైలెన్సర్ సొట్టపోతుంది. ముందొకటి, వెనకొకటి ఉంటే బండి రెండు కాళ్ల మీద ఆనినట్టు ఆగుతుంది. పూర్తిగా పడుకోదు. బండి లేపేటప్పుడు నిజమైన కష్టమంతా నేల మీద నుంచి మొదటి మూరెడు ఎత్తడంలోనే ఉంది, ఆ మూరెడులో సగానికి పైగా ఈ గార్డే మనకి ముందుగా ఎత్తి పెడుతుంది.

గార్డు బిగించాక డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "ముందు లేపు" అన్నారు. మళ్లీ గోనె సంచులు పరిచారు, మళ్లీ నా బండిని ఎడమవైపు వాల్చారు. కుర్రాళ్లని దూరంగా జరగమన్నారు. నేను బండికి ఎదురుగా వంగి, హ్యాండిల్ రెండు చేతులతో పట్టి లాగాను. కదల్లేదు, నడుము దగ్గర కలుక్కుమంది. "అట్టా కాదమ్మా, వీపుతో కాదు, కాళ్లతో" అని ఆయన చేసి చూపించారు. అది వివరంగా రాస్తాను, బండి ఉన్న ప్రతివాళ్లకీ పనికొస్తుంది.

ముందు తాళం ఆఫ్. నా బండి వాలగానే ఇంజన్ దానంతటదే ఆగింది, తర్వాత స్టార్ట్ అవ్వాలంటే తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాల్సి వచ్చింది. పెట్రోలు కారుతోందేమో వాసన చూడాలి. బండి గేరులో ఉండాలి, న్యూట్రల్‌లో ఉంటే లేపుతుంటే దొర్లిపోతుంది. కుడివైపు పడితే సైడ్ స్టాండు పైకి ఉంటుంది, దాన్ని ముందే దించి పెట్టుకోవాలి, అప్పుడు బండి లేచి అటువైపు ఒరిగినా స్టాండు మీద నిలుస్తుంది. ఎడమవైపు పడితే స్టాండు కిందపడి ఉంటుంది కాబట్టి, లేపాక బండిని నిటారుగా పట్టుకుని పాదంతో స్టాండు దించాలి, అది కాస్త జాగ్రత్త పని. ఏ వైపు పడితే ఆ వైపుకి హ్యాండిల్‌ని పూర్తిగా తిప్పాలి, అప్పుడు కింద ఉన్న గ్రిప్పు ట్యాంకు దగ్గరికి వచ్చేస్తుంది. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుము కిందిభాగం ఆనేలా గోడకుర్చీ వేసినట్టు కూర్చోవాలి. ఒక చెయ్యి ఆ కింది గ్రిప్పుని, రెండో చెయ్యి వెనక సీటు కింద గట్టి ఇనుముని పట్టుకోవాలి, ఇండికేటర్ కాదు, మడ్‌గార్డు కాదు. వీపు నిటారుగా, చూపు ఎదురుగా, చేతులు చాచి తాళ్లలా వదిలేయాలి, చేతులతో ఎత్తే ప్రయత్నం చేయకూడదు. ఆ తర్వాత పాదాలతో నేలని నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి.

మొదటి రెండు అడుగులకి ఏమీ జరగనట్టే ఉంటుంది. తొడలు వణుకుతాయి, సీటు కుట్టు నడుములో గుచ్చుకుంటుంది. మూడో అడుగుకి టైర్లు నేలని పట్టుకున్న చప్పుడు, కర్రు అని చిన్నగా వినిపిస్తుంది. నాలుగు, ఐదు అడుగులకి బరువు తగ్గుతూ వచ్చి, ఒక చోట ఉన్నట్టుండి లేకుండా పోతుంది. సరిగ్గా అక్కడే నెట్టడం ఆపాలి, లేకపోతే అదే ఊపులో బండి అవతలికి పడుతుంది. నేను మొదటిసారి ఆపలేదు, అవతల పెద్దాయన నిలబడి ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నాలుగుసార్లు లేపించారు, ఎడమ రెండు, కుడి రెండు. నాలుగోసారి లేచాక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన అక్కడే ఉన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు, ఆ రోజు తర్వాత బండి అమ్మే మాట మా ఇంట్లో రాలేదు.

ఆయన ఇంకో చిన్న పని చెప్పారు, అది ఎక్కడా విన్లేదు నేను. పాత సైకిల్ ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పు ఉంగరంలా ఒక ముక్క కోసి ఇచ్చారు. ఎడమవైపు పడినప్పుడు ముందు బ్రేకు లివర్ మనకి అందదు, ఆ ముక్కని గ్రిప్పుకీ లివర్‌కీ కలిపి తొడిగితే బ్రేకు పట్టే ఉంటుంది, చక్రం కదలదు. ఎప్పుడూ హ్యాండిల్‌కే ఉంచుకుంటున్నాను. వాలుగా ఉన్న చోట బండి ఆపినప్పుడు కూడా వాడుతున్నాను.

ఏడాదిలో బండి ఇంకో రెండుసార్లు పడింది. ఒకటి మా సందులోనే, సైడ్ స్టాండు వానకి మెత్తబడిన మట్టిలో దిగబడి. దాన్ని ఒక్కదాన్నే లేపాను, నిమిషం పట్టలేదు, చెప్పడానికి ఇంకేం లేదు. స్టాండు కింద పెట్టుకోవడానికి ఒక రేకు ముక్క కొనుక్కున్నాను.

రెండోది కరకట్ట రోడ్డు మీద. ఎదురుగా చెరకు ట్రాక్టరు వస్తుంటే దారి ఇద్దామని అంచుకి జరిగాను, అంచు మట్టి జారింది, బండి ఏటి వైపు వాలుకి పడింది. ఈసారి హద్దు దాటిందని తెలియగానే కాలు తీసేసి వదిలేశాను, పట్టుకోవాలని చూడలేదు. మోకాళ్లు, నడుములు పోయేది పడే బండిని ఆపబోయే ఆ ఒక్క క్షణంలోనే. ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే చక్రాలు పైకీ, హ్యాండిల్ కిందికీ ఉంది. ఇలా పడిన బండిని ఎవరూ లేపలేరు, కిందకు పడిపోతున్న బరువుని పైకి నెట్టాలి. పాలక్యాన్లతో టీవీఎస్ ఎక్సెల్ మీద వస్తున్న ఒకాయన ఆగాడు.

"ఏమ్మా, దెబ్బలేమన్నా తగిలినయ్యా?"

"లేదన్నా. ఎత్తొద్దు, ముందు దీన్ని తిప్పుదాం."

గార్డు మీద నైలాన్ ముక్క ఉంది కాబట్టి బండి దాని మీద బొంగరంలా కాకపోయినా తిరగలి రాయిలా తిరిగింది. ఆయన వెనక టైరు పట్టుకున్నాడు, నేను ముందు టైరు, ఇద్దరం కలిసి చక్రాలు పల్లం వైపుకి వచ్చేదాకా ఈడ్చాం. ఇప్పుడు వాలే మనకి సాయం చేస్తుంది. ఆయన్ని అవతలి వైపు నిలబెట్టి, బండి మీదికొస్తే ఆపడమే నీ పని అన్నా అని చెప్పి, నేను వీపు పెట్టి లేపాను. ఆయన అద్దం పట్టుకోబోతే వద్దన్నాను. మోపిదేవిలో ఇవన్నీ నాకు తెలిసి ఉంటే ఒకాయన చెయ్యి కాలి ఉండేది కాదు. లేపిన వెంటనే స్టార్ట్ చేయలేదు, పది నిమిషాలు నిలబెట్టాను, ఆయిలు మళ్లీ కిందికి దిగాలి. క్లచ్ లివర్ మీద గీత కూడా లేదు. ఇంజన్ మూత, సైలెన్సర్ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

లోపాలు కూడా రాయాలి. రెండు రోజుల్లో ఇస్తామని తొమ్మిది రోజులు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తరు, వెళ్లి కూర్చుంటేనే పని జరుగుతుంది. పౌడర్ కోటింగు బయట ఎవరితోనో చేయించారు, అది బాగా లేదు, వానాకాలం అయ్యేసరికి వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు పట్టింది, నేను ఉప్పు కాగితం పట్టించి మళ్లీ రంగు వేయించుకున్నాను. గార్డు బరువు మొత్తం ఐదు కిలోల పైనే ఉంటుంది. చూడ్డానికి లారీ బంపరు తమ్ముడిలాగే ఉంటుంది, క్రూయిజర్ అందం కావాలనుకునేవాళ్లకి నచ్చదు, మా తమ్ముడికైతే అసలు నచ్చలేదు. కుడి పాదం పెట్టే చోటు ఒక అంగుళం తగ్గింది, పెద్ద బూట్లు వేసుకునేవాళ్లు కొలత ముందే చెప్పుకోవాలి. ఖర్చు కోటింగుతో కలిపి 5,200 అయింది, ఆన్‌లైన్ దానికి దాదాపు రెట్టింపు. బండి లేపడం నేర్పినందుకు ఏమీ తీసుకోలేదు.

పదికి ఎనిమిదిన్నర ఇస్తాను, తగ్గించిన ఒకటిన్నర ఆ కోటింగుకీ, తొమ్మిది రోజులకీ. మీ ఊళ్లో చేయించుకునేవాళ్లు ఏ షాపైనా సరే, బండిని ఒకసారి పడుకోబెట్టి చూడమని అడగండి, ఒప్పుకోనివాళ్ల దగ్గర చేయించకండి. కొత్తగా బరువైన బండి కొనేవాళ్లు టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు ఎంత వేగం వెళ్తుందో చూడకండి, ఇంజన్ ఆపి, బండిని తోసుకుంటూ ఒక ఎనిమిది అంకె వేసి చూడండి. బరువు అప్పుడు తెలుస్తుంది. రోడ్డెక్కి వేగం ముప్పై దాటాక ఈ 241 కిలోలు ఎక్కడున్నాయో కూడా తెలియదు, అందుకే ఈ బండంటే నాకు ఇంత ఇష్టం.

కరకట్ట మీద తిప్పినప్పుడు ఎడమవైపు నైలాన్ ముక్క సగం అరిగింది. వచ్చే ఆదివారం మార్పించుకోవడానికి వెళ్తున్నాను, షాపు ఆదివారం మధ్యాహ్నం రెండింటిదాకా ఉంటుంది. బెంజి సర్కిల్ వైపు నుంచి ఎవరైనా బండి తీసుకుని వస్తానంటే కలిసి వెళ్దాం, ట్యాంకులో పెట్రోలు మాత్రం తక్కువ పోయించుకుని రండి.